మోంపాజియేలో సగం రోజు: సంత కోసం కట్టిన ఊరిని ఎలా చూడాలి

ఫ్రాన్స్ నైరుతి వైపు దోర్దోన్ జిల్లాలో మోంపాజియే అని చిన్న ఊరు ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది చౌకులో ఒక కాఫీ తాగి, నాలుగు ఫొటోలు తీసుకుని, "భలే ముద్దుగా ఉంది" అనేసి కారెక్కుతారు. ముద్దుగా ఉన్న మాట నిజమే. కానీ దాన్ని అందం కోసం కట్టలేదు, వ్యాపారం కోసం కట్టారు. ఆ లెక్కలో చూస్తే ఊరంతా వేరేగా కనిపిస్తుంది.

బయల్దేరే ముందు ఫ్రెంచి ప్రభుత్వ మ్యాపుల సైట్‌లో ఊరిని పైనుంచి ఒకసారి చూడండి, ఉచితమే. దాదాపు 400 మీటర్ల పొడవు, 220 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రం, అందులో స్కేలు పెట్టి గీసినట్టు వీధులు. ఇలాంటి ఊళ్లను బాస్తీద్ అంటారు. 13, 14 శతాబ్దాల్లో ఆ ప్రాంతంలో ఇవి వందల్లో వెలిశాయి. దీన్ని 1284లో స్థాపించింది ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్. ఇంగ్లండ్ రాజుకి ఇక్కడేం పని అంటారా? అప్పట్లో ఆ నేలకి డ్యూక్ కూడా ఆయనే. పక్కనే బిరోన్ కోట ప్రభువుతో ఒప్పందం చేసుకుని, స్థలాలు సమానంగా కొలిచి ఇచ్చి జనాన్ని రప్పించారు. జనం వస్తే సంత, సంత ఉంటే సుంకం, సరిహద్దు మీద పట్టు కూడా.

ఇక రోజు ఎంచుకోవడం. సంత గురువారం పొద్దున. సంత చూడాలంటే అదే రోజు వెళ్లాలి, కట్టడాలు చూడాలంటే మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే దుకాణాల గుడారాలు సగం గోడల్ని కప్పేస్తాయి. వీలుంటే బుధవారం సాయంత్రానికి చేరుకుని, రాత్రి ఉండి, మర్నాడు సంత చూడండి.

చౌకులోకి రాగానే ముందు చర్చి ఎక్కడుందో చూడండి. మామూలు పల్లెల్లో ఊరి మధ్య చర్చి ఉంటుంది. ఇక్కడ మధ్యలో ఉన్నది సంత, చర్చి పక్కకి జరిగింది. ఎవరికి ఎంత ప్రాధాన్యమో ప్లానులోనే తేల్చేశారన్నమాట! తర్వాత దక్షిణం వైపున్న సంతశాలలోకి వెళ్లండి. 16వ శతాబ్దపు చెక్క కట్టడం అది, పైకప్పు బరువంతా లావుపాటి దూలాల మీద ఉంటుంది. నిలువు దుంగలు నేలని తాకకుండా కింద రాతి దిమ్మెలు వేశారు, చెమ్మ ఎక్కితే దుంగ కుళ్లిపోతుంది కదా. అక్కడే పాత ధాన్యపు కొలతలు ఇప్పటికీ ఉన్నాయి, మన కుంచం, మానిక లాంటివి. అందరి కళ్లెదుటా ఒకే కొలత ఉంటే అమ్మేవాడు కొనేవాడిని మోసం చెయ్యడం కష్టం. నన్నడిగితే ఊరంతటిలో ముఖ్యమైన వస్తువు ఇదే, కానీ దీని ముందు ఆగేవాళ్లు తక్కువ.

చౌకు చుట్టూ ఇళ్ల కింద కమానుల వసారా ఉంటుంది. వాన వచ్చినా బేరం ఆగకూడదనే ఆ ఏర్పాటు. కమానులన్నీ ఒకేలా ఉన్నాయనుకోవద్దు, కొన్ని కోసుగా, కొన్ని గుండ్రంగా ఉంటాయి, వేర్వేరు కాలాల పని. అలాగే పక్కపక్క ఇళ్ల మధ్య మనిషి దూరలేనంత సన్నని సందులు వెతకండి. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్కింటికి పాకకుండా వదిలినవి, మురుగు కూడా వాటిలోంచే పోయేది.

చర్చి తలుపు పైన రాసింది తప్పక చూడండి: పరమాత్మ ఉనికినీ ఆత్మ అమరత్వాన్నీ ఫ్రెంచి ప్రజలు గుర్తిస్తున్నారని. అది పూజారులు రాయించింది కాదు, 1794లో ఫ్రెంచి విప్లవ నాయకుడు రోబెస్పియేర్ తెచ్చిన కొత్త మతం తాలూకు ప్రకటన. ఆ మతం నిలవలేదు, అక్షరాలు మాత్రం నిలిచాయి. ఇదే చౌకుకి ఇంకో చరిత్ర కూడా ఉంది: పన్నుల మీద తిరగబడ్డ రైతుల నాయకుడు బ్యుఫారోని, అతను నేతపనివాడు, 1637లో ఇక్కడే చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. సుంకం వసూలైన చోటే శిక్ష కూడా.

ఊరి చుట్టూ ఉన్న కోటగోడ ద్వారాలు మూడు మిగిలాయి, ఒకటి బాగా చూస్తే చాలు. ఏదైనా ఇంటి వివరాలు కావాలంటే ఫ్రెంచి సంస్కృతి శాఖ వాళ్ల మెరిమే డేటాబేస్‌లో ఊరి పేరు కొట్టండి, రక్షిత కట్టడాల జాబితా వచ్చేస్తుంది. చాలావాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు, కాబట్టి కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

టైం మిగిలితే కారులో దగ్గర్లోని విల్‌రెయాల్‌కి వెళ్లండి, అదీ బాస్తీదే. అక్కడి సంతశాలకి పై అంతస్తు కూడా ఉంది, సంత శనివారం.