కిడ్నీ పేషెంట్‌కు అన్నం సయించకపోతే: ఏ లక్షణానికి ఏ కారణం, ఏం చేయాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ముందు వినపడే మాట "అన్నం సయించట్లేదు బాబూ". కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా ఇదే. ఇంట్లోవాళ్ళు బతిమాలతారు, విసుగొస్తే తిడతారు. బతిమాలినా తిట్టినా ఆకలి పుట్టదు. ఆకలి పోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది, అది పట్టుకుంటే చాలామందికి ముద్ద మళ్ళీ దిగుతుంది. డయాలసిస్ పేషెంట్ల దగ్గర పనిచేస్తూ నేను ఏ వరసలో చూస్తానో అదే వరసలో రాస్తున్నాను. మందులు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టరు చెప్పాకే.

కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే చాలు అంటున్నారు

మొదటి ప్రశ్న: మోషన్ ఎప్పుడు అయింది? దీన్ని అడగకుండానే గ్యాస్ మాత్రలు, ఆకలి టానిక్కులు కొనేస్తారు. మామగారు కోడలికి చెప్పుకోలేరు, కోడలు అడగలేదు. అలా నాలుగైదు రోజులు గడిచిపోతాయి. కిడ్నీ జబ్బులో మలబద్ధకం చాలా మామూలు. నీళ్ళు తగ్గించి తాగాలి, పళ్ళూ ఆకుకూరలూ తగ్గాయి, పైగా ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గించే కాల్షియం, సెవెలమర్ మాత్రలు. అన్నీ పేగుని మందగింపచేసేవే. వాంతి వస్తోందని ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర కూడా మలబద్ధకం తెస్తుంది. దాంతో వికారం తగ్గకపోగా పెరుగుతుంది, ఇంకో మాత్ర వేస్తారు.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. కిడ్నీలు పనిచేయనప్పుడు పొటాషియం కొంత పేగు ద్వారానే బయటికి పోతుంది. మోషన్ ఆగితే అది కూడా ఒంట్లోనే ఉండిపోతుంది, ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు. మామూలుగా లాక్టులోజ్ సిరప్ రాస్తారు, డోసు అడిగి వాడండి. మెడికల్ షాపులో ఇచ్చే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, ఫాస్ఫేట్ ఎనిమా వద్దు, ఆ లవణాలు ఒంట్లో పేరుకుంటాయి. ఇసబ్‌గోల్‌కి నీళ్ళు ఎక్కువ తాగాలి, అందుకని అదీ డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

నోరు చేదు, ఇనుము రుచి, ఏం పెట్టినా వాసన

టార్చి వేసి నోరు చూడండి. నాలుక మీద తెల్లటి పూత ఉందా, పుళ్ళు ఉన్నాయా, కట్టుడు పళ్ళు వదులై గుచ్చుకుంటున్నాయా? మన తీరప్రాంతంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) పీల్చే అవ్వలు ఇంకా ఉన్నారు, వాళ్ళకి అంగిలి కూడా చూడాలి. తెల్లపూత, మానని పుండు ఉంటే డాక్టరుకి చూపించండి. ఏమీ లేకుండా రుచి మాత్రమే చెడితే, రక్తంలో యూరియా ఎక్కువై లాలాజలంలో అమ్మోనియాగా మారడం వల్ల కావచ్చు. తినే ముందు నాలుక గీసి నోరు పుక్కిలించడం, కూర మీద నిమ్మరసం నాలుగు చుక్కలు, వేడివేడిగా కాకుండా చల్లారాక పెట్టడం పనిచేస్తాయి. చల్లారిన తిండికి వాసన తక్కువ.

పొద్దున్నే వికారం, చేపల కూర వాసనకే మొహం తిప్పేస్తున్నారు, డయాలసిస్ ఇంకా మొదలవలేదు

ఇది వంటతో తీరేది కాదు. ఒంట్లో విషాలు పేరుకుంటున్నాయని అర్థం. కొందరిలో రక్తంలో ఆమ్లం పెరగడం కూడా తోడవుతుంది. బైకార్బొనేట్ పరీక్షలో 22 కంటే తక్కువ వస్తే డాక్టర్లు సోడా మాత్రలు రాస్తారు. ఇంట్లో వంటసోడా కలుపుకుని తాగితే సోడియం ఎంత లోపలికి పోతోందో లెక్క ఉండదు, ఆ పని చేయొద్దు. ఎక్కిళ్ళు ఆగకపోవడం, మగతగా పడుకుని ఉండడం కనిపిస్తే క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) అంకె చూసుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు, ఆ రోజే చూపించండి. డయాలసిస్ అంటే భయంతో వాయిదా వేసి, ఒళ్ళు చిక్కి శల్యమయ్యాక వచ్చేవాళ్ళని చూస్తే చాలా బాధగా ఉంటుంది. కండ కరిగిపోయాక దాన్ని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

డయాలసిస్ సరిగ్గానే జరుగుతోంది, బరువు మారలేదు, అయినా తినడం లేదు

ఎక్కువసార్లు ముప్పుతిప్పలు పెట్టిన కారణం ఇది. అందరూ "బరువు తగ్గలేదు కదా, పరవాలేదు" అని వదిలేసేది ఇక్కడే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువు. మెషీన్ ప్రతిసారీ ఎంత నీరు తీయాలో దాన్ని బట్టే లెక్క వేస్తారు. ఒకాయనకి 52 కిలోలు అని పెట్టారనుకోండి. జ్వరమో, మనసు బాగోకో కొన్ని వారాలు సరిగ్గా తినలేదు. ఒంట్లో మూడు కిలోల కండ, కొవ్వు పోయాయి. అసలు బరువు 49 అయింది. కానీ ఫైల్లో 52 అనే ఉంది కాబట్టి మెషీన్ దగ్గర 52 రాగానే ఆపేస్తారు. అంటే ప్రతి డయాలసిస్ తర్వాతా మూడు లీటర్ల నీటితోనే ఆయన ఇంటికి వెళ్తున్నారు. రిజిస్టర్లో మాత్రం ఎప్పటిలాగే 52.

ఆ నీరు కాళ్ళలోనే ఉండదు. పొట్ట, పేగుల గోడలకీ నీరు పడుతుంది. అప్పుడు రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది, వికారం వస్తుంది. తిండి ఇంకా తగ్గుతుంది, కండ ఇంకా పోతుంది, ఆ చోటుకి నీరు చేరుతుంది. బరువు కాగితం మీద కదలదు.

ఇందులో ఇంకో మోసం ఉంది. తినని మనిషికి రెండు డయాలసిస్‌ల మధ్య బరువు తక్కువే పెరుగుతుంది. "నీళ్ళు బాగా కంట్రోల్ చేస్తున్నారు" అని మెచ్చుకుంటారు కూడా. ఆయన కంట్రోల్ చేయడం లేదు, అన్నమే తినడం లేదు. ఇంతకుముందు రెండున్నర కిలోలు పెరిగే మనిషి ఉన్నట్టుండి కిలో మాత్రమే పెరుగుతున్నారంటే సంతోషించే ముందు ఏం తింటున్నారో అడగాలి.

కాళ్ళ వాపు లేదు కదా అంటారు. ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు చేరితే గానీ చాలామందికి కాళ్ళలో వాపు కనపడదు. మంచం మీదే ఉండేవాళ్ళకి కాళ్ళలో కాకుండా నడుము కింద చేరుతుంది, అక్కడ వేలితో నొక్కి చూడాలి. నేను చూసే గుర్తులు ఇవి: గాజులు జారిపోతున్నాయి, జాకెట్టు చేతులు వదులయ్యాయి, కణతల దగ్గర గుంట పడింది, అయినా బరువు అంతే ఉంది. డయాలసిస్ అయ్యాక కూడా బీపీ దిగడం లేదు, బీపీ మాత్రలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు, రెండో దిండు కావాలి. రిపోర్టులో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) తగ్గుతూ వస్తోంది. ఫోన్లో ఆరు నెలల కిందటి పెళ్ళి ఫొటో ఏదైనా ఉంటే తీసి ఇప్పటి మొహం పక్కన పెట్టి చూడండి. రోజూ చూసే కళ్ళకి తెలియని మార్పు అందులో తెలుస్తుంది.

సెంటర్లో ఒక్క మాట అడగండి: "డ్రై వెయిట్ ఆఖరుసారి ఎప్పుడు మార్చారు?" ఆసుపత్రిలో పడి ఇంటికి వచ్చినవాళ్ళకి, జ్వరం తగిలినవాళ్ళకి, నెల రోజులుగా తిండి తగ్గినవాళ్ళకి దాన్ని కొత్తగా చూడాల్సిందే. బరువు చూసుకునేటప్పుడు చెప్పులు, జేబులో ఫోను తీసేయండి, ప్రతిసారీ ఒకే మెషీన్ మీద, అదే రకం బట్టలతో చూడండి. ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మారితే రెండు మెషీన్లకీ తేడా ఉండొచ్చని గుర్తుంచుకోండి.

నీరు ఒక్కరోజులో తీసేయమని పట్టుపట్టొద్దు. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. డాక్టరు కొంచెం కొంచెంగా, విడతకి అర కిలో లోపు దించుకుంటూ వస్తారు. అవసరమైతే డయాలసిస్ సమయం పెంచుతారు, బీపీ మాత్రలు తగ్గిస్తారు. ఇంట్లో మీరు చేయాల్సింది ఉప్పు తగ్గించడం. ఎండుచేప, ఊరగాయ, అప్పడం పక్కన పెట్టకపోతే దాహం ఆగదు, నీరు తగ్గదు. నీరు దిగేకొద్దీ ఉబ్బరం తగ్గి నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు.

అక్కడితో అయిపోలేదు. తిండి కుదిరాక కండ తిరిగి పడుతుంది, అప్పుడు డ్రై వెయిట్ పైకి మార్చాలి. మార్చకపోతే మెషీన్ ఉండాల్సిన నీరు కూడా లాగేస్తుంది. డయాలసిస్ చివర్లో కళ్ళు తిరగడం, పిక్కలు పట్టడం మొదలైతే, మనిషి బాగా తింటున్నట్టయితే, ముందు ఇదే అనుమానించండి.

తినాలని ఉన్నా భయపడి తినడం లేదు

షుగర్ వచ్చినప్పుడు ఒక పథ్యం, బీపీకి ఒకటి, క్రియాటినిన్ పెరిగినప్పుడు ఇంకొకటి. అన్నీ కలిపితే మిగిలేది మెత్తటి అన్నం, చప్పటి చారు. డయాలసిస్ మొదలవక ముందు మాంసకృత్తులు (ప్రొటీన్) తగ్గించమంటారు, కిలో బరువుకి రోజుకి 0.6 నుంచి 0.8 గ్రాములు అన్నట్టు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారుతుంది, 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే ప్రతి డయాలసిస్‌లో మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాలు కొంత బయటికి పోతాయి. 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాములు. పాత చీటీ పట్టుకుని గుడ్డు మానేసినవాళ్ళు ఎంతమందో. గుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఫాస్ఫరస్ చాలా తక్కువ. వంద గ్రాముల పచ్చిచేపలో సుమారు 18 గ్రాములు ఉంటాయి. మీకు ఎంత కావాలో కొత్తగా రాయించుకోండి.

డయాలసిస్ రోజుల్లో తెల్లవారక ముందే ఆటో ఎక్కి, మధ్యాహ్నం దాటాక ఇంటికి చేరేవాళ్ళు రెండు పూటలు పోగొట్టుకుంటారు. వారానికి మూడు రోజులంటే చాలా తిండి. ఇడ్లీ, రెండు తెల్లసొనలు కట్టి ఇవ్వండి. డయాలసిస్ మధ్యలో తింటే బీపీ పడిపోయేవాళ్ళు మాత్రం ముందో తర్వాతో తినాలి.

మూడు పూటల భోజనం బదులు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పొద్దున ఆకలి బాగుంటే ఎక్కువ తిండి అప్పుడే. అన్నంలో ఒక చెంచా నువ్వులనూనె వేస్తే పరిమాణం పెరగకుండా బలం పెరుగుతుంది. గంజి, మజ్జిగ, చోడి (రాగి) అంబలి ఇస్తే ఆ నీరు కూడా రోజు లెక్కలోకి వస్తుంది. చోళ్ళలో ఫాస్ఫరస్, పొటాషియం ఉన్నాయి కాబట్టి రోజూ గ్లాసుల కొద్దీ వద్దు.

చూడడానికి వచ్చే చుట్టాలకి ఒక మాట. నీరసంగా ఉన్నారని కొబ్బరి బొండాలు తేకండి. మన ఉద్దానంలో పెరట్లో దొరికేది అదే, ప్రేమతోనే తెస్తారు. కానీ కొబ్బరినీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ, డయాలసిస్ పేషెంట్‌కి గుండె లయ తప్పొచ్చు. "లో సోడియం" అని అమ్మే ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది.

మిగిలినవి

ఒళ్ళు నొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర తీసుకునే నొప్పి మాత్రలు కడుపునీ పాడు చేస్తాయి, మిగిలిన కిడ్నీనీ పాడు చేస్తాయి, ఆపేయండి. హిమోగ్లోబిన్ 10 కంటే బాగా తక్కువుంటే ఆకలీ ఓపికా రెండూ ఉండవు, రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ సరిగ్గా అందుతున్నాయో చూడండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే టీబీ పరీక్ష. పాత షుగర్ వల్ల పొట్ట మెల్లగా ఖాళీ అయ్యేవాళ్ళు ఉంటారు, వాళ్ళకీ కొంచెం కొంచెంగా పెట్టడమే దారి. థైరాయిడ్ లాంటివి డాక్టరు చూసుకుంటారు, వాటి గురించి ఇప్పుడే టెన్షన్ పడనక్కర్లేదు. మాట్లాడడం మానేసి గోడవైపు తిరిగి పడుకునే మనిషి విషయంలో తిండి సంగతి పక్కన పెట్టి, ముందు మనసు గురించి డాక్టరుతో మాట్లాడండి. దానికీ మందు ఉంది.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు తినకపోతే ఆ పూట మామూలు డోసు వేయకుండా ముందు షుగర్ చూసి డాక్టరుకి ఫోన్ చేయండి. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కాళ్ళూ చేతులూ సత్తువ లేకుండా పోవడం, గుండె తప్పి కొట్టుకోవడం, ఆయాసం, నల్లటి విరోచనం, వీటిలో ఏది కనిపించినా మరుసటి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.