గేమింగ్ మౌస్ గట్టిదో కాదో షాపులోనే తేల్చుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో అయినా, విజయనగరంలో అయినా షాపుకు వెళ్లి గేమింగ్ మౌస్ అడిగితే ముందుగా చూపించేవి రంగురంగుల లైట్లు, ఆ తర్వాత డీపీఐ (మౌస్ కదలికను ఎంత సూక్ష్మంగా పట్టగలదో చెప్పే లెక్క) అంకెలు. మౌస్ ఎన్నాళ్లు మన్నుతుందో ఆ రెండూ చెప్పవు. ఏడాది తిరక్కుండా క్లిక్ పాడైతే 16,000 డీపీఐ ఉండి ఏం లాభం? అందుకే డబ్బా విప్పించి, మౌస్‌ను ఒక ల్యాప్‌టాప్‌కు తగిలించమని మొహమాటం లేకుండా అడగండి.

మొదట పై డొప్ప. బొటనవేలు ఒక పక్క, ఉంగరపు వేలు మరో పక్క పెట్టి, ఆడేటప్పుడు పట్టుకునే దానికన్నా కాస్త గట్టిగా నొక్కండి. కిర్రుమన్నా, పక్కలు లోపలికి వంగి సైడ్ బటన్ దానంతటదే నొక్కుకున్నా ఆ మౌస్ వద్దు. చెవి దగ్గర పెట్టి ఊపండి. వీల్ దగ్గర సన్నని చప్పుడు మంచి మౌసులకూ ఉంటుంది. లోపల ఏదో ఊడి దొర్లుతున్నట్టు వినిపించకూడదు. బరువును మాత్రం నాణ్యత అనుకోవద్దు. 60 గ్రాముల మౌస్ దృఢంగా ఉండవచ్చు, బరువు కోసమే లోపల ఇనుప ముక్క బిగించిన చౌకరకాలూ ఉన్నాయి. పక్కలకు అంటించిన మెత్తని రబ్బరు చెమటకు జిగటగా మారి ఊడివస్తుంది. మన ఉక్కపోతకు గరుకు ప్లాస్టిక్కే నయం.

ఇక బటన్లు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఎడమ బటన్‌ను కొసన, మధ్యలో, వెనుక వేరువేరుగా నొక్కి చూడండి. ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణకు ఆ ఏకాండితనమే గొప్ప. మౌస్ విషయంలో అలా కాదు. పై డొప్పా బటన్లూ ఒకే ముక్క అయితే నొక్కినప్పుడల్లా ఆ ప్లాస్టిక్కే వంగాలి. వేలు వెనక్కి జరిగేకొద్దీ బటన్ బిగుసుకుంటుంది. బటన్లు విడిగా అమర్చినవాటిలో ఈ తేడా సాధారణంగా తక్కువ. ఆ తర్వాత బటన్‌ను నొక్కకుండా పక్కలకు కదపండి. కాస్త కదలిక సహజమే, పక్క అంచుకు తగిలి టకటకమంటే మాత్రం బిగింపు సరిగా లేదు.

బటన్ కింద ఉండే స్విచ్ అసలు ప్రాణం. మామూలు మైక్రోస్విచ్‌లో పలుచని లోహపు రేకు వంగి మరో మొనను తాకితే క్లిక్ నమోదవుతుంది. రేకు బిగువు సడలినా, తాకేచోట చిలుము పట్టినా ఆ స్పర్శ నిలకడగా ఉండదు. అప్పుడు ఒక్క నొక్కు రెండుగా పడుతుంది, లాగుతున్న ఫైలు మధ్యలో జారిపోతుంది. కళింగపట్నం, బారువ, కోనాడ లాంటి తీర గ్రామాల ఉప్పుగాలిలో లోహానికి చిలుము మరీ త్వరగా పడుతుంది. ఆప్టికల్ స్విచ్‌లో క్లిక్‌ను పట్టేది కాంతి కిరణం. రేకుల తాకిడితో పనిలేదు కాబట్టి ఈ బాధ ఉండదు. 2019లో వచ్చిన రేజర్ కంపెనీ వైపర్ మౌస్‌లో ఉన్నవి ఇలాంటివే. సముద్రానికి దగ్గర్లో ఉన్నవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవే కొనాలని నా గట్టి సలహా. డబ్బా మీద రాసే 2 కోట్లు, 5 కోట్ల క్లిక్కులు పరీక్షశాల లెక్కలు. వాటిలో మన గాలి, మన తేమ ఉండవు.

షాపులో చేయదగిన పరీక్ష సులువు. ఏదైనా ఫోల్డర్ మీద నిదానంగా, ఒక్కొక్కటిగా ముప్పై నలభై సార్లు క్లిక్ చేయండి. ఒక్కసారైనా అది తెరుచుకుంటే ఆ మౌస్ వెనక్కి ఇచ్చేయండి. తర్వాత ఒక ఫైలును పట్టుకుని తెరంతా తిప్పండి, జారకూడదు.

సైడ్ బటన్లు నొక్కగానే పలకాలి. లోపలికి కూరుకుపోయాక పలికితే ఆటలో ఆలస్యమవుతుంది. వీల్‌ను ఒక్కో మెట్టు తిప్పుతూ పొడవైన పేజీ చూడండి. కిందికి తిప్పుతుంటే పేజీ ఒక్కసారైనా పైకి ఎగిరిందంటే లోపం ఉన్నట్టే. వీల్‌ను నొక్కినప్పుడు అది తిరగకూడదు కూడా. కేబుల్ మెత్తగా ఉండి, మౌస్‌లోకి వెళ్లేచోట మడత పడకుండా ఉంటే చాలు.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, సర్వీసు కేంద్రం విశాఖపట్నంలో ఉందా, ఇంకా దూరం పంపాలా అన్నది అక్కడే అడగండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ పరీక్షలన్నీ వాపసు గడువు దాటకముందే పూర్తిచేయండి.