కష్టాల్లో ఉన్న కంపెనీ కొత్త జెట్: అమ్ముడవుతుందో లేదో లెక్క కట్టడం ఎలా

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విమానాల రంగం మీద ఆశ పెరిగింది. రాజాంలో ఇంజనీరింగ్ చదివేవాళ్లు, పిల్లల్ని మెయింటెనెన్స్ కోర్సులో చేర్చాలనుకునే తల్లిదండ్రులు, షేర్లు కొనేవాళ్లు అందరి కంటా ఎప్పుడో ఒకసారి ఇలాంటి వార్త పడుతుంది: అప్పుల్లో ఉన్న ఫలానా కంపెనీ కొత్త ప్రయాణికుల జెట్ తెచ్చింది, అప్పుడే 300 ఆర్డర్లు వచ్చాయి. ఆ అంకెను నమ్మి డబ్బు పెట్టే ముందు కింది లెక్కలు వేయండి. కావలసినవి కంపెనీ మూడు నెలల ఆర్థిక నివేదిక, ఆర్డర్ల పట్టిక, విమానం బరువుల పట్టిక. మూడూ కంపెనీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి.

ముందు ఆ 300ని విడగొట్టండి. ఖాయమైన ఆర్డర్లు ఎన్ని, ఆప్షన్లు (కావాలంటే తర్వాత కొనే హక్కు) ఎన్ని, కొనాలన్న కట్టుబాటు లేని ఉత్త ఎంఓయూలు (అవగాహన పత్రాలు) ఎన్ని? ఉదాహరణకు ఖాయమైనవి 110, ఆప్షన్లు 90, ఎంఓయూలు 100 అనుకుందాం. ఆప్షన్‌కు కట్టేది చాలా తక్కువ, ఎంఓయూకి చాలాసార్లు ఏమీ కట్టరు. కాబట్టి ఆ 190 పక్కన పెట్టండి. మిగిలిన 110లో ఇంకా ఎగరని కొత్త ఎయిర్‌లైన్లవి, జీతాలే ఇవ్వలేనివాటివి 40 ఉంటే అవీ తీసేయండి. చేతిలో ఉన్నవి 70. నెలకు నాలుగు తయారుచేసే ఫ్యాక్టరీకి అది ఏడాదిన్నర పని. 2025 అక్టోబరులో మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్, రష్యా విమాన సంస్థ యుఏసీ కలిసి ఎస్‌జే-100 అనే ప్రయాణికుల జెట్ మీద చేసుకున్నది కూడా ఎంఓయూనే. దాన్ని ఆ బరువుతోనే చూడాలి.

తర్వాత ధర. ప్రకటించిన ధర ఎవరూ కట్టరు, పెద్ద కొనుగోలుదారుకు సగానికి సగం తగ్గడం మామూలే. కష్టాల్లో ఉన్న కంపెనీ అయితే పేరున్న ఎయిర్‌లైన్‌ను పట్టుకోవడానికి నష్టానికైనా అమ్ముతుంది. కెనడా కంపెనీ బంబార్డియర్ 2016లో తన కొత్త సీ-సిరీస్ జెట్‌లను డెల్టా, ఎయిర్ కెనడా, ఎయిర్‌బాల్టిక్‌లకు అమ్మి, ఆ ఆర్డర్ల మీద దాదాపు 50 కోట్ల డాలర్ల నష్టం ముందే రాసుకుంది. నివేదికలో 'నష్టం తెచ్చే కాంట్రాక్టుల కేటాయింపు' అన్న పద్దు వెతకండి. అది పెరుగుతోందంటే ఆర్డర్లు పెరిగేకొద్దీ కంపెనీ రక్తం పోతోందన్నమాట.

అసలు కీలకం నగదు. సంతకం రోజు వచ్చేది చిన్న అడ్వాన్సు. డెలివరీకి ముందు విడతలవారీగా కొంత వస్తుంది, పెద్ద మొత్తం విమానం అప్పగించిన రోజే చేతికొస్తుంది. అందాకా జీతాలు, పరీక్షలు, భాగాలు తయారుచేసే అచ్చులు, ముడిసరుకు అన్నీ సొంత డబ్బుతోనే నడవాలి. చేతిలోని నగదులోంచి, మొదటి డెలివరీలోపు తీర్చాల్సిన అప్పులు తీసేసి, మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించండి. మిగిలింది 240 కోట్ల డాలర్లు, నెలకు 8 కోట్లు కరుగుతుంటే 30 నెలల ఊపిరి. మొదటి డెలివరీ 24 నెలల్లో అని కంపెనీ చెబితే సరిపోయినట్టే కనిపిస్తుంది.

కానీ ఆ 24 నెలలను నమ్మకండి. సీ-సిరీస్ 2013లో వస్తామని చెప్పి 2016లో సేవలోకి వచ్చింది. మధ్యలో 2014 మే నెలలో నేల మీద పరీక్షలో ఇంజన్ దెబ్బతిని దాదాపు వంద రోజులు ఎగరడమే ఆగింది. జపాన్ కంపెనీ మిత్సుబిషి జెట్ కూడా 2013కే రావాలి. ఎలక్ట్రానిక్ పరికరాల గది, వైరింగ్ అమరిక సర్టిఫికేషన్‌కు (ఎగరడానికి ప్రభుత్వమిచ్చే అనుమతికి) పనికిరాదని మళ్లీ డిజైన్ చేశారు. చివరకు 2023 ఫిబ్రవరిలో ప్రాజెక్టే రద్దయింది. అంత పెద్ద బోయింగ్‌కే కొత్త జెట్ 777ఎక్స్ 2020 నుంచి 2027కి జరిగింది. కాబట్టి కనీసం రెండేళ్లు కలపండి: 48 నెలలు. 18 నెలల లోటు, నెలకు 8 కోట్ల చొప్పున 144 కోట్ల డాలర్లు. ఇది ఎవరిస్తారు? బంబార్డియర్‌కు కెనడాలోని క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం 2015లో 100 కోట్ల డాలర్లు ఇస్తానంది. అదీ చాలక 2018 జూలైలో సీ-సిరీస్ ప్రాజెక్టులో మెజారిటీ వాటా ఎయిర్‌బస్ చేతికి వెళ్లింది, చెల్లించిన ధర ఒక్క డాలరు. విమానం మాత్రం అదే. ఏ220 అని పేరు మారాక ఆర్డర్లు 900 దాటాయి. పాతికేళ్లు విడిభాగాలు ఇచ్చే యజమాని దొరికాడన్న ధైర్యమే కొనుగోలుదార్లను కదిలించింది.

డబ్బు సంగతి తేలాక, అలాంటి విమానం ఎవరికి కావాలో చూడండి. దీనికి మన భోగాపురం నుంచే లెక్క వేయొచ్చు. 180 సీట్ల విమానానికి ఒక ట్రిప్పు ఖర్చు 9 లక్షలు, 110 సీట్ల కొత్త జెట్‌కు 6.6 లక్షలు అనుకోండి. అన్నీ నిండితే సీటుకు పెద్దదానిలో 5,000, చిన్నదానిలో 6,000 రూపాయలు. ఎక్కేవాళ్లు వందమందే అయితే మనిషికి పెద్దదానిలో 9,000, చిన్నదానిలో 6,600. అంటే హైదరాబాద్, బెంగళూరు లాంటి రద్దీ రూట్లలో చిన్న జెట్ నిలవదు. రాయ్‌పూర్, తిరుపతి లాంటి దగ్గరి ఊళ్లకు 78 సీట్ల ఏటీఆర్ (పంకాలతో నడిచే చిన్న విమానం) ఇంకా చవక. మిగిలేవి కొచ్చి (దాదాపు 1,150 కిలోమీటర్లు), అహ్మదాబాద్ (1,250) లాంటి దూరం ఎక్కువ, జనం తక్కువ ఉన్న రూట్లు. ఇలాంటివి ఒక ఎయిర్‌లైన్‌కు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఎన్ని విమానాలు కొంటుందో తెలుస్తుంది. అమెరికాలో ఇంకో చిక్కుంది. పెద్ద ఎయిర్‌లైన్లు పైలట్ల సంఘాలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం, వాటి కోసం ప్రాంతీయ సంస్థలు నడిపే జెట్‌లు 76 సీట్లు, 39 టన్నులు దాటకూడదు. మిత్సుబిషి పెద్ద మోడల్ ఈ బరువు దగ్గరే ఇరుక్కుంది.

బ్రోషర్‌లో ఉన్న రేంజ్ (ఒకసారి ఇంధనం నింపితే వెళ్లే దూరం) కూడా యథాతథంగా తీసుకోకూడదు. సామానుతో కలిపి మనిషికి 95-100 కిలోల లెక్కన అది కడతారు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లే మనిషి 30 కిలోల పెట్టె, చేతిసంచితో ఎక్కితే 115 కిలోలు. 110 మందికి 15 కిలోల చొప్పున 1,650 కిలోలు ఎక్కువ. గరిష్ఠ బరువు దగ్గర అంత ఇంధనం తగ్గించాలి. గంటకు 2,000 కిలోలు తాగే జెట్ అయితే 50 నిమిషాల ప్రయాణం, దాదాపు 650 కిలోమీటర్లు పోయినట్టే. 3,500 అని రాసిన రేంజ్ 2,850కి దిగుతుంది. దుబాయ్ ఇక్కడికి దాదాపు 3,000 కిలోమీటర్లు, చలికాలంలో పడమటి గాలి ఎదురు కూడా. గల్ఫ్‌కు వెళ్తుందని చెప్పిన విమానం సీట్లు ఖాళీగా ఉంచి ఎగరాల్సి వస్తుంది.

ఇంజన్ వేరే విమానాల మీద ఇప్పటికే తిరుగుతోందా, దాని మరమ్మతు షాపులు మన దేశంలో ఉన్నాయా అన్నది విడిగా కనుక్కోండి. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు సమయానికి అందక సగం విమానాలు నేల మీదే ఉన్నాయంటూ గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. మెక్సికోలో ఇంటర్‌జెట్ అనే ఎయిర్‌లైన్ రష్యా సూపర్‌జెట్‌లు కొని, ఇంజన్ భాగాలు దొరక్క, ఆగిన విమానాల భాగాలు తీసి మిగతావాటికి బిగించుకుంది.

కోర్సు ఫీజు కట్టేవాళ్లకు: ఒక్క ఇలాంటి జెట్ మోడల్‌కే పనికొచ్చే శిక్షణకు డబ్బు పెట్టకండి. మన దేశంలో ఎక్కువగా తిరిగేవి ఏ320, 737, ఏటీఆర్. ముందు వాటి లైసెన్సు తీసుకుంటే కొత్త జెట్ నిలిచినా నిలవకపోయినా పని దొరుకుతుంది. షేర్లు కొనేవాళ్లు ప్రతి మూడు నెలల నివేదికలో రెండు అంకెలు రాసుకోండి: రద్దయిన ఖాయపు ఆర్డర్లు, నెల ఖర్చు. వరుసగా రెండు నివేదికల్లో రెండూ పెరిగితే కొత్త ఆర్డర్ల ప్రకటన ఎంత పెద్దదైనా కొనకండి.