రాళ్ళ చదువు – 3వ పాఠం: వంటగట్టు మొదలు సీతానగరం కొండ దాకా

పోయిన పాఠం చివర పలకనూ బలపాన్నీ ఒకదాని మీద ఒకటి గీసి చూడమన్నాను. చిన్నప్పుడు అందరం కొన్ని వేలసార్లు చేసిన పనే అది. బలపం అరిగి గీత మిగులుతుంది, పలక మాత్రం చెక్కుచెదరదు. మెత్తనిది గట్టిదాని మీద తన పొడిని వదిలిపోతుంది. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోహ్స్ ఖనిజాలను 1 నుంచి 10 వరకు వరుసపెట్టింది ఈ సూత్రంతోనే. బలపపు రాయిలో ఉండే టాల్క్‌ది ఆ వరుసలో 1వ స్థానం. మన గోరు రెండున్నర, సున్నపురాయిలోని కాల్సైట్ 3, చాకు, కిటికీ అద్దం ఐదున్నరకు అటూ ఇటూ, పలుగురాయి 7. ఈ అంకెలు నోటికి వస్తే ఈరోజు పాఠం సులువుగా సాగుతుంది.

ఈరోజు చేతిలోకి తీసుకున్న రాయిని మూడు కుటుంబాల్లో ఒకదానికి చేర్చడం నేర్చుకుందాం. శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల, ఇసుకో మట్టో పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల, ఉన్న రాయే వేడికీ ఒత్తిడికీ మారిపోతే రూపాంతర శిల అని బడిలో చదువుకున్నాం. నిర్వచనంలో తప్పేమీ లేదు. అయితే రాయి పుట్టినప్పుడు మనం పక్కన లేము. చేతిలో ఉన్న ముక్కలో మనకు కనిపించేది ఒక్కటే, రేణువులు ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉన్నాయన్నది. రంగు కంటే, దుకాణంలో చెప్పే పేరు కంటే ముందు దాన్ని చూడాలి. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. రాయిని కడిగి, కొత్తగా పగిలిన ముఖాన్ని ఎండలో పట్టుకుని చూడండి.

పటికబెల్లం గడ్డను విరిచి చూస్తే పలుకులు ఒకదాని అంచు ఇంకొకదానిలోకి చొచ్చుకుని ఉంటాయి, మధ్యలో జిగురు ఏమీ ఉండదు. అగ్నిశిలలో రేణువుల అమరిక ఇదే. వేరుశనగ చిక్కీలో పలుకులు వేరు, వాటిని పట్టి ఉంచే పాకం వేరు. అవక్షేప శిలల్లో ఇసుకరాయి లాంటివి ఇలా ఉంటాయి. మూడోదానికి గుంటూరు వాళ్ళకు మిరపకాయలే ఉదాహరణ. కల్లంలో ఆరబోసిన కాయలు ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. వాటినే గోతంలో తొక్కి టిక్కీ కుట్టాక విప్పి చూస్తే కాయలన్నీ అణిగి, ఒత్తిడికి అడ్డంగా పడుకుని ఉంటాయి. చాలా రూపాంతర శిలల్లో రేణువులు అలాగే ఒకే దిక్కుకు పడుకుంటాయి. అన్నిట్లోనూ కాదు. పాలరాయిలో ఆ వరుస కనబడకపోవచ్చు, దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు వంటింట్లోకి పదండి. పొయ్యి గట్టు మీది గ్రానైట్ బండను చూడండి. బూడిద రంగుదో గులాబీ రంగుదో అయితే అందులో గాజులా మెరిసే పలుగురాయి, బల్లపరుపు ముఖాలున్న ఫెల్డ్‌స్పార్, నల్లని చుక్కల్లా అభ్రకం కంటికే తెలుస్తాయి. పలుకులు పెద్దవి కాబట్టి ఇది నేల లోతున నిదానంగా చల్లారిన రాయి. చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే గ్రానైట్. నలుపు, తెలుపు చారలుగా విడిపోయి సాగుతుంటే అది నైస్ అనే రూపాంతర శిల. దుకాణంలో రెండిటినీ గ్రానైట్ అనే అమ్ముతారు. చార కనిపించగానే అవక్షేపపు పొర అనుకోవడం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. చారలోని పలుకులు పటికబెల్లంలా అల్లుకుని ఉంటే అది పొర కాదు.

ఇప్పుడు మీ గట్టు నల్లగా ఉండి, లోపల రాగి రంగు తళుకులు మెరుస్తున్నాయనుకోండి. అది ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చిన గెలాక్సీ రాయి అయ్యే అవకాశం ఎక్కువ. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అనే కొంటుంది కానీ అది గ్రానైట్ కాదు, గాబ్రో అనే ఇంకో అగ్నిశిల జాతి రాయి. తళుకుమనేది బ్రాంజైట్ అనే ఖనిజం. గ్రానైట్‌లో కనబడే పలుగురాయి పలుకులు ఇందులో కనబడవు. మాట మీద నమ్మవద్దు, తూచి చూడండి. గ్రానైట్ కోసే షెడ్డులో అడిగితే వృథాగా పోయే ముక్క ఇస్తారు. వంటింటి డిజిటల్ కాటా మీద ముక్క బరువు చూసి రాసుకోండి. తరువాత ఒక గిన్నెలో సగానికి నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముక్కకు దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. కాటా ఇప్పుడు చూపే గ్రాములే ఆ రాయి ఆక్రమించిన చోటు, మిల్లీలీటర్లలో. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి.

నా దగ్గరున్న గెలాక్సీ ముక్క 186 గ్రాములు, నీళ్ళలో వేలాడదీస్తే 62 చూపింది. అంటే సాంద్రత 3. పక్కనే తూచిన గులాబీ గ్రానైట్ ముక్క 132 గ్రాములు, నీళ్ళలో 50. అంటే 2.64. మామూలు గ్రానైట్లు 2.6, 2.7 మధ్యలో ఉంటాయి. ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న గాబ్రో 3 దగ్గరికి వెళుతుంది. దారానికి అంటిన బుడగలను వేలితో తుడిచేయండి, లేదంటే లెక్క తప్పుతుంది. ఈ ప్రయోగం ఒక్కసారి చేసిన వాళ్ళకు ఆ తరువాత రాయిని అరచేతిలో ఎగరేసి పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

ఈ గాబ్రోలోని సరుకే భూమి పైకి లావాగా పొంగి త్వరగా చల్లారితే పలుకులు ఎదగడానికి వ్యవధి ఉండదు, కంటికి రేణువే కనిపించని నల్లని బసాల్ట్ అవుతుంది. రాజమహేంద్రవరం పక్కన కాతేరు, గోదావరికి ఇవతల పంగిడి దగ్గర సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి బసాల్ట్ ఉంది. అటు వెళ్ళినప్పుడు ఒక ముక్క తెచ్చుకుని గెలాక్సీ ముక్క పక్కన పెట్టుకోండి.

వంటగట్టు దిగి నేల మీదికి వస్తే నాపరాయి. గుంటూరు, పల్నాడు వైపు పాత ఇళ్ళలో మాచర్ల, పిడుగురాళ్ళ ప్రాంతాల బండలు తరతరాలుగా కాళ్ళ కింద ఉన్నాయి. భూతద్దంలో చూసినా రేణువు అందదు, అంత సన్నం. చాకుతో గీస్తే గీత పడుతుంది, అద్దాన్ని మాత్రం ఇది గీయలేదు. మూలన గీరి తీసిన పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి భూతద్దం పెట్టండి. సన్నని బుడగలు లేస్తాయి. కాల్సైట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందన్నమాట. సున్నపురాయికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. నాపరాతి నేల మీద గోంగూర పచ్చడో చింతపండు పులుసో ఒలికితే నునుపు పోయి మచ్చ మిగలడానికీ, గ్రానైట్ గట్టు మీద అలా మిగలకపోవడానికీ కారణం కూడా అదే. సున్నపురాతితో ఎవరూ రోలు చేయరు. పులుపు దాన్ని తినేస్తుంది, పొత్రం దాన్ని అరగదీస్తుంది, పచ్చట్లో రాతిపొడి కలుస్తుంది.

పాలరాయి మీద కూడా నిమ్మరసం పొంగుతుంది. రెండూ కాల్సైటే కాబట్టి ఈ పరీక్షతో వాటిని విడదీయలేం. మళ్ళీ రేణువు దగ్గరికే రావాలి. సున్నపురాయి లోతుల్లో వేడెక్కి పాలరాయిగా మారేటప్పుడు కాల్సైట్ పలుకులు పెరిగి అల్లుకుపోతాయి. అందుకే పాలరాయి పగిలిన ముఖం పంచదార ముద్దలా తళతళలాడుతుంది. నాపరాయి ముఖం మట్టిపెంకులా మెరుపు లేకుండా ఉంటుంది.

ఈ ఒక్క తేడా తెలిసిన కంటితో అమరావతి వెళ్ళండి. అక్కడి మహాస్తూపానికి తొడిగిన శిల్పఫలకాలను చాలాచోట్ల పల్నాటి పాలరాయి అని రాశారు. చెన్నై మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నవి ఆ ఫలకాలే. అది పాలరాయి కాదు, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి. పంచదార మెరుపు అందులో ఉండదు. నాకు దీని మీద ఎంత అభిమానమంటే, ఆ రాయిని పాలరాయి అంటే దాని గొప్పతనాన్ని తగ్గించినట్టే అనిపిస్తుంది. రేణువు కంటికి అందనంత సన్నం కాబట్టి ఉలి ఎటు తిప్పితే అటు తెగింది. వేలి గోళ్ళు, వస్త్రపు మడతలు అంత సన్నగా తేలడంలో శిల్పి చేతితో పాటు ఆ రాతికీ పాలుంది. మ్యూజియంలో చూడడమే, ముట్టుకోకూడదు. పరీక్షలకు ఇంటి నాపరాయి ముక్క ఉండనే ఉంది.

ఇసుకరాయికి విజయవాడ నుంచి ఒక పూట ప్రయాణం. ద్వారకా తిరుమల పరిసరాల్లోనూ, బౌద్ధ గుహలున్న గుంటుపల్లిలోనూ కనిపిస్తుంది. రోడ్డు పక్క పడి ఉన్న ముక్కను బొటనవేలితో గట్టిగా రుద్దితే ఇసుక రేణువులు రాలి వేలికి అంటుతాయి. ఇసుకరాయే వేడికీ ఒత్తిడికీ మారితే క్వార్ట్జైట్. నల్లమల వైపు దొరికే ఆ రాయిని ఎంత రుద్దినా ఒక్క రేణువు రాలదు. ఇసుకరాయి పగిలితే రేణువుల చుట్టూ పగులుతుంది, క్వార్ట్జైట్ పగిలితే రేణువులను చీల్చుకుంటూ పగులుతుంది. షేల్‌కూ మార్కాపురం పలకరాయికీ అలాంటి సంబంధమే ఉంది. బురద గట్టిపడితే షేల్, ఒత్తిడికి మారితే పలక. వేలి కణుపుతో తట్టితే షేల్ మందంగా పలుకుతుంది, పలక ఖంగుమంటుంది.

ఇక కొండ. విజయవాడ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్. ఒడిశాలోని ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చింది ఆ మాట. కోణార్క సూర్యదేవాలయం కట్టిన రాయి కూడా ఇదే. సీతానగరం వైపు కొండ అంచున రాలిపడిన ముక్కను తీసుకోండి. ఉండవల్లి, మొగల్రాజపురం గుహలు రక్షిత కట్టడాలు, అక్కడ గీత కూడా గీయకండి. ముక్క పైభాగం ఎర్రమట్టి రంగులో, పట్టుకుంటే గరుకుగా, గుల్లగా ఉంటుంది. రంగు చూసి చాలామంది లాటరైట్ అనే ఎర్రరాయి అనేస్తారు. ఆ ఎరుపు తుప్పు మాత్రమే. కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ముక్కను గుడ్డలో చుట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టండి.

లోపలి ముఖం చూడండి. మిరియపు గింజంత, కొన్నిచోట్ల శనగగింజంత ఎర్రని ముద్దలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. నవరత్నాల్లోని గోమేధికం ఈ కుటుంబానిదే. ఒకదాన్ని విడదీసి పాత అద్దం ముక్క మీద గీస్తే గీత పడుతుంది. పక్కన తెల్లని పుల్లల్లా సిల్లిమనైట్ అనే ఖనిజం, పుల్లలన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి. అక్కడక్కడా నల్లని మెరిసే పొలుసు ఉంటే వేలితో రుద్దండి. పెన్సిల్ మరకలా అంటుతుంది. అది గ్రాఫైట్. ఈ మూడూ కలిసి దొరికాయంటే రాతి కథ తెలిసినట్టే. అల్యూమినియం దండిగా ఉండే సిల్లిమనైట్ ఇంత ఉందంటే మూలసరుకులో అల్యూమినియం ఎక్కువ, అంటే అది బంకమట్టి. గ్రాఫైట్ ఉందంటే ఆ మట్టిలో కార్బన్ ఉంది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద ఎన్నో కిలోమీటర్ల లోతుకు దిగి, 800 డిగ్రీలకు పైబడిన వేడిలో మారి, వంద కోట్ల ఏళ్ళకు మించిన చరిత్రను మోసుకుంటూ ఇప్పుడు మీ అరచేతిలో ఉంది. రూపాంతర శిలకు ఇంతకంటే మంచి నమూనా కోసం ఇంకెక్కడికీ పోనక్కరలేదు.

కొండపల్లి వైపు వెళితే ఇంకో రాయి ఎదురవుతుంది. ముదురు రంగులో, నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది, పలుగురాయి పలుకులు కూడా నీలి ఛాయలో ఉంటాయి. పేరు చార్నొకైట్. కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయిని పరిశీలించి 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ పేరు పెట్టాడు. చార్నొకైట్లలో కొన్ని శిలాద్రవం నుంచి నేరుగా పుట్టాయి, కొన్ని పాత రాళ్ళు మారి ఏర్పడ్డాయి. చేతిలోని ఒక్క ముక్కతో తేల్చలేం. మీ పుస్తకంలో పేరు రాసి, కుటుంబం అన్నచోట ఖాళీ వదలండి. కొండ మీద ఆ రాయి చుట్టూ ఏముందో చూసేదాకా ఆ ఖాళీని నింపవద్దు.

వచ్చే పాఠానికి మీ వీధిలో ఇల్లు కట్టేవాళ్ళను అడిగి కంకర కుప్పలోంచి పది ముక్కలు తెచ్చుకోండి. చేతికి వచ్చినవి కాక, ఒకదానికొకటి పోలిక లేనివి ఏరండి. కడిగి ఆరబెట్టి, ఒక్కోదాని మీద తెల్లరంగు చుక్క పెట్టి అంకె వేయండి. పుస్తకంలో ఆ అంకె ఎదురుగా నాలుగు సంగతులు రాయండి: రేణువులు అల్లుకున్నాయా, అతికాయా; ఒకే దిక్కుకు ఉన్నాయా; అద్దాన్ని గీసిందా; నిమ్మరసానికి పొంగిందా. పేర్లు రాయకండి. ఆ పదింటినీ ముందు పెట్టుకుని నాలుగవ పాఠం చదువుదాం.