స్టిమ్యులేటర్ పెట్టించుకున్నా నొప్పి తగ్గట్లేదా? రిమోట్ నొక్కే ముందు ఇవి చూడండి

వెన్నుపాము స్టిమ్యులేటర్ (వెన్నుపాము వెనక అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా చిన్న కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం) ఉన్నవాళ్లు నొప్పి తిరగబెట్టగానే చేసే మొదటి పని రిమోట్‌లో కరెంటు పెంచడం. చాలాసార్లు తేడా కరెంటులో ఉండదు.

పడుకుంటే షాక్ కొట్టినట్టుంది, లేస్తే ఏమీ తెలియట్లేదు

పరికరం పాడవలేదు, టెన్షన్ పడకండి. వెల్లకిలా పడుకున్నప్పుడు వెన్నుపాము బరువుకి వెనక్కి, అంటే ఎలక్ట్రోడ్ల వైపు జరుగుతుంది. మధ్యలోని ద్రవం పొర పలచబడి అదే కరెంటు గట్టిగా తగులుతుంది. పడుకునే ముందు తగ్గించుకోండి. అంతకన్నా మేలు, పడకకి ఒకటి, నడకకి ఒకటి వేరువేరు ప్రోగ్రాములు పెట్టించుకోవడం. కొన్ని పరికరాలు భంగిమను పసిగట్టి వాటంతటవే సర్దుకుంటాయి. ఈ ఇబ్బంది 40-60 హెర్ట్జ్‌లో (అంటే సెకనుకు అన్ని పల్సులతో) నడిచే, జిల్లుమని తెలిసే పాత పద్ధతిలోనే ఎక్కువ. 10,000 హెర్ట్జ్ పద్ధతిలో జిల్లు తెలియదు.

కాలు నొప్పికి పెడితే పక్కటెముకల్లో జివ్వుమంటోంది

కరెంటు పక్కనున్న నరాల వేళ్లకు తగులుతోందన్నమాట. లీడ్ (ఎలక్ట్రోడ్లున్న సన్నటి వైరు) జరిగి ఉండొచ్చు. మొదటి ఆరేడు వారాలు వంగొద్దు, మెలి తిరగొద్దు, బరువులెత్తొద్దు అనేది ఇందుకే. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు ముందు ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) చూడాలి. ఏదైనా ఒక ఎలక్ట్రోడ్ దగ్గర అది విపరీతంగా పెరిగితే వైరు తెగిందనో, కనెక్షన్ వదులైందనో అనుమానించాలి. దాన్ని వదిలేసి మిగతావాటితో ప్రోగ్రామ్ రాయొచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ నాటి దానితో పోల్చాలి. కొద్దిగా జరిగితే నెగటివ్ ఎలక్ట్రోడ్‌ను మధ్యరేఖ వైపు మారిస్తే తరచుగా సరిపోతుంది. బాగా జరిగితే మళ్లీ ఆపరేషనే.

అన్నీ బాగానే ఉన్నాయి, ఉపశమనం మాత్రం నెలనెలా తగ్గుతోంది

శరీరం అలవాటు పడిపోయి ఉండొచ్చు. బర్స్ట్ (కరెంటును గుంపులు గుంపులుగా పంపడం) లాంటి వేరే తరంగ పద్ధతికి మార్చి చూస్తారు. జిల్లు తెలియని పద్ధతుల్లో ఫలితం కనబడటానికి ఒకట్రెండు రోజులైనా పడుతుంది. గంటకోసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. నోట్‌బుక్కులో రోజూ నొప్పి ఎంతుందో రాసుకోండి.

ఛార్జ్ ఎక్కట్లేదు

ఛార్జరు సరిగ్గా చర్మం కింద ఉన్న బ్యాటరీ మీదే ఉందా? మీరు బరువు పెరిగినా, బ్యాటరీ లోపల తిరగబడినా ఈ చిక్కే.

కాళ్లలో కొత్తగా బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరం, కుట్ల దగ్గర చీము: వీటిలో ఏది కనబడినా రిమోట్ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.