రాత్రి బంగ్లా ఎక్కి ఆకాశం వేడి కొలుసుడెట్ల

గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ (భూమి వదిలే వేడిని గాలి పట్టుకొని మళ్ల కిందికి పంపుడు) అనంగనే పిల్లల బుక్కుల గాజు ఇల్లు బొమ్మ ఏసి వదిలేస్తరు, దాంతోని ఏం సమజ్ కాదు. నిజంగ చూడాలంటె ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే ఇన్‌ఫ్రారెడ్ గన్ థర్మామీటర్ (ముట్టకుండ దూరం నుంచే వేడి చూపించేది) ఒకటి అడిగి తెచ్చుకోండ్రి. కరోనా టైంల నుదుటికి పెట్టినది పనికిరాదు, అది ఒంటి జ్వరం వరకే చూపిస్తది, మనకు మైనస్‌ల రీడింగ్ ఇచ్చేది కావాలె.

పొద్దుగూకినంక రెండు మూడు గంటలు ఆగి బంగ్లా ఎక్కుండ్రి, గప్పుడు "అది ఎండ వేడే" అని ఎవ్వలు అనరు. గన్‌ను ఓ పావుగంట బయట గాలికి ఉంచాలె, లేకుంటె రీడింగ్ తేడా కొడతది. ముందుగాల స్లాబ్ మీదికి పట్టుండ్రి (మే నెలల వరంగల్‌ల అయితె గన్ ఎందుకు, కాళ్లకే తెలుస్తది). తర్వాత సక్కగ నెత్తి మీదికి, చెట్టు, కరెంటు తీగ అడ్డం లేకుండ. ఆ తర్వాత జెర ఏటవాలుగ. ఏటవాలుగ పడితె నంబర్ పెరుగుతది, ఎందుకంటె గన్ ముందట గాలి మందం ఎక్కువైతది, అంటె గాలి సుత కిందికి వేడి పంపుతున్నదని గీ ఒక్కదాంట్లనే తేలిపోతది.

సలికాలం మొగులు లేని రాత్రి పైకి పడితె సున్నాకు కిందికి సుత పోవచ్చు, వానకాలం మొగులు పట్టిన రాత్రి మాత్రం స్లాబ్ కంటె కొన్ని డిగ్రీలే తక్కువ చూపిస్తది. ఆదిలాబాద్ దిక్కు మొగులు లేని రాత్రే సలి ఎక్కువ గజగజలాడిచ్చేది ఇందుకే. భూమి రాత్రంత వేడిని పైకి వదులుతనే ఉంటది, ఆవిరి, మొగులు, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ దాన్ని పట్టుకొని మళ్ల అన్ని దిక్కులకు వదులుతయి, కిందికి సుత. గాలిల 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉన్నా ఆ రెండూ ఈ వేడిని ముట్టుకోనట్టే. పట్టుకునే గ్యాసులే లేకుంటె భూమి సగటు మైనస్ 18 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 15 దగ్గర ఉన్నది.

ఒక తిరకాసున్నది. వేడి కిరణాల అల పొడవును మైక్రాన్లల్ల కొలుస్తరు. ఈ గన్‌లు ఎక్కువగ 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యనే చూస్తయి, కార్బన్ డయాక్సైడ్ గట్టిగ పట్టేది 15 దగ్గర. అంటె మీరు చూసింది ఎక్కువ ఆవిరిది, మొగులుది. కార్బన్ డయాక్సైడ్ సంగతి 1859ల జాన్ టిండాల్ అనే సైంటిస్టు లండన్‌ల ఇత్తడి గొట్టంల గ్యాసులు నింపి తేల్చిండు, అది ఇంట్ల అయ్యే పని కాదు.

మరి ఆవిరే అంత పని చేస్తుంటె బొగ్గును ఎందుకు అంటరు అంటె, ఆవిరి పది రోజులల్ల వానై పడిపోతది, గాలి ఎంత వేడిగుంటె అంతే ఎక్కువ నిలుస్తది. రామగుండంల, భూపాలపల్లిల కాలిన బొగ్గు గ్యాస్, అంటె కార్బన్ డయాక్సైడ్, అట్ల పడదు, చెట్లు, సముద్రం కొంత తీసుకున్నా మిగిలింది వందల ఏండ్లు ఉంటది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిల పది లక్షల పాళ్లల్ల 280 పాళ్లున్న ఈ గ్యాస్ ఇప్పుడు 420 దాటింది. అది పెరిగిన కొద్ది వేడి గాలిని దాటి అంతరిక్షంలకు పోయే ఎత్తు ఇంకా పైకి జరుగుతది, ఆడ గాలి సల్లగ ఉంటది, సల్లటి గాలి తక్కువ వేడి పంపుతది, వచ్చేది పోయేది సమానమయ్యేదాక కింద మనం వేడెక్కుతనే ఉంటం.

నెలకోసారి అదే టైంకు, అదే జాగల రాసి పెట్టుకుంటె ఆవిరి ఆట మంచిగ దొరుకుతది. కార్బన్ డయాక్సైడ్ పెరుగుడు ఈ గన్‌కు అందదు, దానికి హవాయిల మౌనా లోవా కొండ మీద 1958 నుంచి కొలుస్తున్న లెక్కలు ఫోన్‌లనే దొరుకుతయి, అవి పక్కన పెట్టుకొని చూడుండ్రి.