సీసాలో నీలంగా మారిన ఆఫ్రికా పసరిక పాము ఏదో తేల్చడం ఎలా

మ్యూజియంలో ఆఫ్రికా ఆకుపచ్చ పాముల సీసాలు ముందేసుకుని కూర్చుంటే, మొట్టమొదట మర్చిపోవాల్సింది వాటి రంగునే. బతికుండగా లేత చిగురులా మెరిసిన పాము కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందులో బిగుసుకుని, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ఏళ్ల తరబడి నానేసరికి నీలంగానో బూడిద రంగులోనో తేలుతుంది. చర్మంలోని పసుపు కరిగిపోతే మిగిలేది నీలమే. నల్ల మచ్చలు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. అందుకే విషమున్న గ్రీన్ మాంబా, బూమ్‌స్లాంగ్, విషం లేని ఫిలోథామ్నస్ మూడూ పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి.

పామును ట్రేలోకి తీసి గ్లవ్స్ వేసుకోండి. చచ్చిన పాముదైనా కోర కోరే. చూస్తున్నంతసేపూ ఆల్కహాల్ చల్లుతూ ఉండండి, ఎండితే చర్మం ముడతలు పడి లెక్క తప్పుతుంది.

ముందు తల చూడండి. ముక్కు పొలుసుకీ కంటి ముందున్న పొలుసుకీ మధ్య ఇంకో చిన్న పొలుసు ఉందా? దాన్ని లోరియల్ అంటారు. మాంబాకు అది ఉండదు (మన నాగుపాముకీ కట్లపాముకీ కూడా లేదు, అంతా ఒకే కుటుంబం). బూమ్‌స్లాంగ్‌కీ ఫిలోథామ్నస్‌కీ ఉంటుంది. ఈ రెంటినీ విడదీయాలంటే వీపు చూడాలి: బూమ్‌స్లాంగ్ పొలుసులు సన్నగా, ఏటవాలుగా ఉంటాయి, ఒక్కో పొలుసు మధ్యలో గట్టులా గీత లేచి ఉంటుంది, పైగా తలకు మించినంత పెద్ద కళ్లు. ఫిలోథామ్నస్ వీపు నున్నగా ఉంటుంది. నోరు తెరిచి కోరలు చూడాలని చెయ్యి లాగుతుంది కానీ, బిగుసుకున్న దవడను బలవంతంగా తెరిస్తే విరుగుతుంది, ఆ పాము మళ్లీ దొరకదు.

ఇక లెక్క. నడుము దగ్గర, ఒక పక్క పొట్ట పొలుసును ఆనుకున్న వరుస నుంచి మొదలుపెట్టి వీపు మీదుగా అవతలి పక్క దాకా ఏటవాలుగా లెక్కపెట్టండి. ఫిలోథామ్నస్‌కు ఎక్కువగా 15 వరుసలు వస్తాయి, తూర్పు ఆఫ్రికా గ్రీన్ మాంబాకూ బూమ్‌స్లాంగ్‌కూ మామూలుగా 19, రెండు అటూ ఇటూ. ఈ మూడింటిలో సరిసంఖ్య వచ్చిందంటే ఎక్కడో వరుస జారిందనే అనుకుని మళ్లీ మొదలుపెట్టండి. పొట్ట పొలుసులకు 1951లో పాముల శాస్త్రవేత్త డౌలింగ్ చెప్పిన పద్ధతి వాడండి: రెండు పక్కలా వీపు పొలుసుల మొదటి వరుసను తాకేదే ఒకటో పొలుసు. యాభై దాటగానే ఒక గుండుసూది గుర్తుగా పెట్టుకోండి. నేను పెట్టకుండా ఎన్నిసార్లు నూట ఇరవై దగ్గర తప్పిపోయి మొదటికొచ్చానో. తోక కింద జంటగా ఉన్నవాటిని ఒక పక్కే లెక్కేయాలి, చివరి ముల్లును వదిలేయాలి.

ఏ ఒక్క గుర్తునీ పట్టుకుని తీర్పు చెప్పకండి. 1957 సెప్టెంబరులో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంకు ఒక చిన్న పాము బతికుండగానే గుర్తింపు కోసం వచ్చింది. దాన్ని చూసిన కార్ల్ ష్మిట్ పాముల శాస్త్రంలో పెద్ద పేరున్న మనిషి. తల, ఒళ్లు అన్నీ బూమ్‌స్లాంగ్‌నే చెబుతున్నా, మలద్వారం మీద పొలుసు ఆ జాతికి మామూలుగా ఉన్నట్టు రెండుగా చీలిలేదు, దాంతో ఆయనకు అనుమానం వచ్చింది. అది బొటనవేలు కరిచింది. తనకు ఏమవుతోందో కాగితం మీద రాసుకుంటూ మర్నాడే చనిపోయారు. పాము బూమ్‌స్లాంగే. ఆ ఒక్క పొలుసు తేడాగా పుట్టింది.

చివరగా, పాము దొరికిన ఊరు రాసి దానితో ఉంచిన చీటీ చదవండి. సాలిస్‌బరీ అని ఉంటే ఇప్పటి హరారే, ఎలిజబెత్‌విల్ అంటే లుబుంబాషి. ఊరు తేలితే అక్కడ ఉండే అవకాశం లేని జాతులు కొన్ని జాబితాలోంచి పోతాయి. అయితే చీటీ మీద జాతి పేరుంటే మాత్రం మీ లెక్క పూర్తయ్యేదాకా చూడకండి, చూశారా, కళ్లు ఆ పేరుకు తగ్గట్టే లెక్కపెడతాయి. లెక్కలన్నీ పెన్సిల్‌తో రాయండి, ఆల్కహాల్ తగిలినా చెరగవు. పాత చీటీ తప్పని తేలినా తీసెయ్యకుండా, మీది దాని పక్కన కట్టి సీసా మూత బిగించండి.